జారని మంచుకొండ

సునంద కోరింది గొంతెమ్మ కోరికేమీ కాదు. మంచుకొండ మీంచి ఒక్కసారి సర్రున కిందికి జారాలి. జారేటప్పుడు వెనక ఎవరి చెయ్యీ ఉండకూడదు. అంతే.

ఆవిడ కాకినాడలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పే లెక్చరరు. పందొమ్మిదో ఏట బస్సు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని కాళ్ళు పనిచెయ్యడం మానేశాయి. అప్పట్నుంచీ చక్రాల కుర్చీయే. ఆ కుర్చీకి ఆవిడ ఎప్పుడో అలవాటు పడిపోయింది. అలవాటు పడనిది జనమే. కుర్చీ వెనక రెండు పిడులుంటాయి కదా, వాటిని చూస్తే మనవాళ్ళకి చెయ్యి ఊరుకోదు. గుళ్ళో, స్టేషన్లో, పెళ్ళి భోజనాల దగ్గర, ఎవరో ఒకరు అడక్కుండా వచ్చి పట్టుకుని తోసేస్తారు. ఎక్కడికమ్మా అని మాత్రం అడగరు. ఒకసారి మందుల షాపుకి వెళ్తుంటే ఎవరో పుణ్యాత్ముడు గబగబా రోడ్డు దాటించి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మందుల షాపు రోడ్డుకి ఇవతలి వైపే ఉంది.

ప్రమాదానికి ముందు సునందకి ఒక దురలవాటుండేది. సామర్లకోట ఓవర్ బ్రిడ్జి ఎక్కాక సైకిల్ తొక్కడం మానేసి, బ్రేకు వెయ్యకుండా కిందికి వదిలేసేది. చెవుల్లో గాలి హోరు, కడుపులో గుబగుబ, కారణం లేని నవ్వు. ఆ గుబగుబ ఆవిడకి మళ్ళీ కావాలి. నలభయ్యో పడిలో పడింది, ఇంకెప్పుడు?

ఒకరోజు కూతురు తన్వి ఫోన్లో ఒక వీడియో చూపించింది. బకెట్ లాంటి సీటు, సీటు కింద పొడుగాటి స్కీ బద్ద, అందులో కూర్చుని ఒకావిడ మంచు మీద బాణంలా దూసుకుపోతోంది. "అమ్మా, ఈవిడకీ కాళ్ళు పనిచెయ్యవంట" అంది తన్వి. సునంద ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూసింది. పొయ్యి మీద వంకాయ కూర అడుగంటింది. ఆ పూట అందరూ ఊరగాయతో తిన్నారు.

వాకబు చేస్తే హిమాలయాల్లో సఫేద్‌గఢ్ అనే చోట దోర్జే అనే స్కీ మాస్టారి దగ్గర అలాంటి సీటు ఉందని తెలిసింది. ఫోన్ చేసింది. "వచ్చేయండి మేడమ్" అన్నాడాయన హిందీలో. "మొదటి రోజు తాడు పట్టుకుంటాను. రెండో రోజు వదిలేస్తాను." వదిలేస్తాను అన్న మాట సునందకి మహా నచ్చింది. టికెట్లు కొనేశారు. అత్తగారు సుభద్రమ్మ అందరికీ స్వెట్టర్లు కొంది, తనకి మాత్రం రెండు. ఆ దశలో అందరూ నోరు మూసుకుని రైలెక్కేసి ఉంటే ఈ కథే లేదు.

కానీ సునంద భర్త కామేశం నీటిపారుదల ఆఫీసులో సూపరింటెండెంటు. మనిషి వెన్నలాంటివాడు. ఒక్కటే జబ్బు. ఏ పనైనా పైవాళ్ళ చెవిన ఒక మాట వెయ్యకుండా చెయ్యలేడు. పెళ్ళిచూపుల నాడు పిల్ల నచ్చిందా అని అడిగితే, పైవాళ్ళతో మాట్లాడి చెప్తానన్నాడు. పైవాళ్ళంటే వాళ్ళమ్మ.

సఫేద్‌గఢ్ కొండని మన వాళ్ళ సంస్థే ఒకటి లీజుకి తీసుకుని నడుపుతోంది. పేరు సర్వజన సుగమ విహార సంస్థ. సముద్రం ఒడ్డున పుట్టిన సంస్థకి హిమాలయాల్లో కొండెందుకని ఎవరూ అడగలేదు. కామేశం కూడా అది అడగలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఆ సంస్థకి రెండు ముక్కలు రాసి పంపించాడు. 'మా ఆవిడ చక్రాల కుర్చీ వాడుతుంది. మీ కొండ ఆవిడకి అనుకూలమేనా? తెలియజేయగలరు.'

తేనెతుట్టె కదిలింది.

వారం తిరక్కుండా వాళ్ళ వీధిలోకి రెండు కార్లు వచ్చి ఆగాయి. మొదటి కారులోంచి సంస్థ డైరెక్టరు విరూపాక్షంగారు, రెండో కారులోంచి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గవర్రాజుగారు దిగారు. సుభద్రమ్మ కాజాలు, కాఫీ పెట్టింది. విరూపాక్షంగారు కాజా కొరికి, కళ్ళు మూసుకుని, తెరిచి, ఉపన్యాసం ఎత్తుకున్నారు.

"మేడమ్, మీ వారి ప్రశ్న మా సంస్థ అంతరాత్మను కదిలించింది. కొండ అనుకూలమా అని ఇంతవరకు మమ్మల్ని ఎవరూ అడగలేదు. మమ్మల్ని అడగలేదు గనక మేమూ కొండను అడగలేదు. ఇది సంస్థాగత లోపం. తక్షణమే సమగ్ర పరిశీలన జరిపించాం. గవర్రాజుగారూ, నివేదించండి."

గవర్రాజుగారు లేచి నిలబడ్డారు. "నిబంధన ప్రకారం చక్రాల కుర్చీ వెళ్ళే వాలు పన్నెండడుగుల పొడవుకి ఒక్క అడుగే దిగాలండి. ఈ కొండ పన్నెండడుగులకి ఐదడుగులు దిగిపోతోందండి. పూర్తిగా నిబంధనలకి విరుద్ధంగా ఉందండి."

"ఎప్పట్నుంచి?" అన్నారు విరూపాక్షంగారు కనుబొమలు ముడిచి.

"మొదట్నుంచీ అలాగే ఉందంట సార్."

సునంద ముందు నవ్వింది. తర్వాత వాళ్ళ మొహాలు చూసి నవ్వు ఆపేసింది. "అయ్యా, అది ఆసుపత్రుల్లో మెట్ల పక్కన కట్టే ర్యాంపు లెక్క. కుర్చీ ఎక్కడానికి. నేను కుర్చీలో కొండ ఎక్కనండీ. స్కీ మీద జారతాను."

"జారడం మా మాన్యువల్లో ఉంది మేడమ్. ప్రమాదాలు అనే అధ్యాయంలో ఉంది" అన్నారు విరూపాక్షంగారు ఆప్యాయంగా. "మీరు నిశ్చింతగా ఉండండి. మీ కోసం కొండనే సరిదిద్దుతాం."

కార్లు వెళ్ళిపోయాక సునంద మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, వాళ్ళని ఎందుకడిగారు?"

"ఒక మాట చెవినేస్తే మంచిది కదా అని..."

"నేను జారతానని మీకు చెప్పాను. జారొచ్చా అని వాళ్ళని అడగమన్నానా?"

కామేశం తల దించుకుని ప్లేటులో మిగిలిన కాజా తిన్నాడు. సుభద్రమ్మ ఖాళీ గ్లాసులు తీస్తూ, "వీడి నాన్నా ఇంతేనమ్మా. తుమ్మొచ్చినా ముందు మొహాలు చూసేవారు, తుమ్మొచ్చా అని" అంది.

ఆ తర్వాత విరూపాక్షంగారి ఫోన్లు మొదలయ్యాయి. మొదటి ఫోన్లో, కొండ సరయ్యే వరకు అక్కడ ఎవరూ స్కీ చెయ్యరాదని ఉత్తర్వు ఇచ్చామని చెప్పారు. "మీకు లేని ఆనందం ఇంకొకరికి ఉండరాదు మేడమ్. ఉంటే అది వివక్ష." దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ళు అద్దె స్కీలు భుజానేసుకుని హోటళ్ళలో కేరమ్స్ ఆడుకుంటున్నారని దోర్జే చెప్పాడు.

తర్వాత పొక్లెయిన్లు వచ్చి కొండని చెక్కడం మొదలుపెట్టాయి. చెక్కుతుంటే గవర్రాజుగారికి ఒక చిక్కు తగిలింది. వాలు అంత తక్కువైతే కొండ దిగడానికి దారి బారెడు పొడుగవుతుంది, తిన్నగా వేస్తే పక్క రాష్ట్రంలోకి పోతుంది. అందుకని దాన్ని జిలేబీలాగా కొండ చుట్టూ తిప్పారు. నిబంధన ప్రకారం ముప్పయి అడుగులకొక విశ్రాంతి అరుగు కట్టారు. ప్రతి అరుగు మీదా ఒక సిమెంటు బల్ల వేశారు. రెండు పక్కలా స్టీలు కమ్మీలు పెట్టారు. మలుపుల్లో 'నిదానమే ప్రధానం' అని బోర్డులు పాతారు.

అంతా అయ్యాక గవర్రాజుగారు స్వయంగా నడిచి చూసి, నిర్ఘాంతపోయే విషయం కనిపెట్టారు. మంచు జారుతోంది.

"కంగారు పడకండి మేడమ్. పరిష్కారం అమలు దశలో ఉంది" అన్నారు విరూపాక్షంగారు ఫోన్లో. "మంచు పైన ఆసాంతం రబ్బరు పట్టా పరిపిస్తున్నాం. బుడిపెలున్నది. గేదె కూడా జారదు."

సునంద ఫోన్ పెట్టేసింది. ఆ రోజు క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసింది. వాలు ఇంత, రబ్బరు ఘర్షణ ఇంత, స్కీ మీద మనిషి బరువు ఇంత. ఏమవుతుందో లెక్క కట్టండర్రా అంది. పిల్లలు కట్టి చెప్పారు: "మేడమ్, వస్తువు కదలదు." సునంద ఆ లెక్కంతా వివరంగా రాసి, చివర 'వస్తువు కదలదు' అన్న మాట కింద గీత గీసి, విరూపాక్షంగారికి పంపించింది. ఆయన వెంటనే ఫోన్ చేశారు.

"ధన్యవాదాలు మేడమ్. కదలదని శాస్త్రీయంగా ధ్రువీకరించిన మొట్టమొదటి వ్యక్తి మీరే."

నాలుగు రోజుల్లో సంస్థ వారి రంగుల కరపత్రం ఇంటికి వచ్చింది. మంచుకొండ బొమ్మ, దాని కింద పెద్దక్షరాలతో: 'వస్తువు కదలదు — ఫిజిక్స్ లెక్చరరు సునందగారు.'

వెళ్ళడం మానేద్దామా అనుకుంది. కానీ ఆ గుబగుబ కోసం ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తోంది? మానేస్తే ఇక ఈ జన్మకి లేదని ఆవిడకి తెలుసు. ఎంత చెక్కినా కొండ కొండే, ఎక్కడో ఒకచోట కాస్త వాలు మిగిలుండకపోతుందా అనుకుని ఇంటిల్లిపాదితో కలిసి రైలెక్కింది.

సఫేద్‌గఢ్ హోటల్లో అడుగుపెట్టగానే కేరమ్ బోర్డుల దగ్గర అందరూ తలెత్తి చూశారు. గుంటూరు నుంచి వచ్చిన కొత్త పెళ్ళికొడుకు దగ్గరికొచ్చాడు. "ఏమండీ, ఆ కొండ చదును చేయించింది మీరేనా?"

"నేను కాదండీ. నేను జారుదామని వచ్చాను."

"మేమూ అందుకే వచ్చామండీ" అన్నాడతను నీరసంగా. అతని భార్య మాత్రం కేరమ్స్ బాగా వచ్చేసిందని సంబరపడుతోంది.

మర్నాడు ప్రారంభోత్సవం. కొండ మీద ఎర్ర రిబ్బను, సన్నాయి మేళం. సన్నాయి ఊదేవాళ్ళ పెదాలు చలికి గడ్డకట్టి శంకరాభరణం మధ్యలో ఆగిపోయింది. విరూపాక్షంగారు కోతిటోపీ పెట్టుకుని, టోపీలోంచే మైకులో మాట్లాడారు. "ఇది కేవలం స్కీ మైదానం కాదు. ఒక దృక్పథం. ఇక్కడ ఎవరూ జారరు. ఎవరూ పడరు. ఎవరూ వెనకబడరు. ఎందుకంటే ఎవరూ ముందుకు పోరు!" గవర్రాజుగారు చప్పట్లు కొట్టారు. చేతులకి ఉన్ని గ్లోవ్సు ఉండటంతో చప్పుడు రాలేదు.

దోర్జే సునందని స్కీ సీట్లో కూర్చోబెట్టి బెల్టులు బిగించాడు. అతను తెలుగంతా ఈ ఆఫీసర్ల దగ్గరే నేర్చుకున్నాడు, అందుకని అతనికి వేరే తెలుగు రాదు. "మేడమ్, మీ ప్రయాణం త్వరలో ప్రారంభం కాగలదు" అన్నాడు మొహం వేలాడేసుకుని.

రిబ్బను కత్తిరించారు. సునంద ముందుకి వంగింది. స్కీ కదల్లేదు. చేతికర్రలతో నేలని నెట్టింది. బుడిపెల రబ్బరు కీచుమంది, స్కీ మాత్రం అక్కడే ఉంది.

"ఎలా ఉంది మేడమ్?" అన్నారు విరూపాక్షంగారు ఆత్రంగా.

"ఉన్నచోటే ఉందండీ."

"అద్భుతం! లెక్క తప్పలేదు!" అని ఆయన వెనక్కి తిరిగి సైగ చేశారు. "హిమ సహాయకులు!"

నలుగురు దృఢకాయులు యూనిఫాముల్లో వచ్చి, సునంద వీపు వెనక చేతులు పెట్టి, ఒకటీ రెండూ మూడూ అని తొయ్యడం మొదలుపెట్టారు. అలా ముప్పయి అడుగులు తోసి అరుగు మీద ఆపారు. అరుగు మీద విశ్రాంతి తప్పనిసరి. బాదంపాలు ఇచ్చారు. మళ్ళీ ముప్పయి అడుగులు, మళ్ళీ అరుగు, మళ్ళీ బాదంపాలు. వద్దంటే, వద్దనడానికి అవకాశం లేదన్నారు. సగం కొండ దిగేసరికి సునందకి కడుపు నిండిపోయింది. పక్కనుంచి సుభద్రమ్మ కమ్మీ పట్టుకుని చకచకా దిగుతూ పోయింది. కాసేపటికి పైకి ఎక్కుతూ ఎదురొచ్చింది. ఇంకాసేపటికి మళ్ళీ దిగుతూ దాటిపోయింది.

"ఈ దారి నా మోకాళ్ళకి ఎంత హాయిగా ఉందో అమ్మాయ్! మన ఊళ్ళో వాకింగ్ ట్రాకుకన్నా నయం" అంది మూడోసారి.

పొద్దున బయల్దేరినావిడ మధ్యాహ్నం భోజనాల వేళకి కింద తేలింది. మేళం మోగింది. మెళ్ళో దండ వేశారు. విరూపాక్షంగారు, గవర్రాజుగారు విందుకి వెళ్ళిపోయారు. సునంద దండ తీసి పక్కన పెట్టి, మొహం అటు తిప్పుకుంది. కళ్ళల్లో నీళ్ళు. బాధతో వచ్చినవి కావు, ఒళ్ళు మండి వచ్చినవి.

"ఇంత దూరం వచ్చీ నన్ను తోశారండీ" అంది కామేశంతో. "మన వీధిలో ఒక్కరే తోసేవారు. ఇక్కడ నలుగురు."

కామేశం పక్కన మంచులో చతికిలబడ్డాడు. తన రెండు ముక్కల ఉత్తరం ఇంత పని చేసిందని తలుచుకుంటే అతనికి తలెత్తుకోవాలనిపించలేదు. "తప్పు నాదే సునందా" అన్నాడు.

అప్పుడు నాలుగో రౌండు ముగించి ఆయాసపడుతూ వచ్చిన సుభద్రమ్మకి ఒక సందేహం వచ్చింది. ఆవిడ ఇంట్లో బావి తవ్వించిన మనిషి, సందేహం న్యాయమైనదే. "ఒరేయ్ కామేశం, అంత కొండ తవ్వారు కదా. ఆ మంచంతా ఎక్కడ పోశార్రా?"

ఎవరికీ తెలీదు. అందరూ దోర్జే వైపు చూశారు. దోర్జే అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గోదాము వెనుక భాగమున కుప్ప వేయబడినది. అది ప్లానులో లేదు. రికార్డులో దాని పేరు చెత్త. చెత్తకు నిబంధనలు వర్తించవు." కాస్త ఆగి, సిగ్గుపడుతూ చెప్పాడు. "ప్రతి సాయంత్రం నా ద్వారా పరిశీలన జరుపబడుతున్నది. చాలా బాగున్నది."

గోదాము వెనక్కి వెళ్ళి చూశారు. కుప్ప అనడం ఆ మాటకి గొప్ప. సగం కొండ అక్కడే ఉంది. పైన రాత్రి కురిసిన కొత్త మంచు, కింద దూరంగా చదునైన బయలు, మధ్యలో వాలు ఎలా ఉందంటే సునంద చూడగానే కడుపులో ఏదో కదిలింది. కొండను తవ్వి ఎలుకని పట్టడం విన్నాం గాని, కొండను తవ్వి కొండనే పారబోసినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానని సుభద్రమ్మ నవ్వింది.

దోర్జే మంచుబండికి తాడు కట్టి సునందని పైకి లాక్కుపోయాడు. మిగతావాళ్ళు రొప్పుతూ ఎక్కారు. కామేశం పైనుంచి కిందికి చూశాడు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయి ఫోన్ తీసింది. "ఒక్కసారి విరూపాక్షంగారి చెవిన..."

తల్లి, భార్య, కూతురు ముగ్గురూ అతన్ని చూశారు. కామేశం కాసేపు ఫోన్ వైపు చూశాడు. తర్వాత దాన్ని ఆపేసి తల్లి చేతిసంచిలో పడేశాడు. పెళ్ళయ్యాక పైవాళ్ళని అడక్కుండా అతను చేసిన మొదటి పని అదే.

దోర్జే తాడు చేతికి చుట్టుకోబోతే సునంద తల అడ్డంగా ఊపింది. "మొదటి రోజు పొద్దున్నే అయిపోయింది మాస్టారూ. ఇది రెండో రోజు." దోర్జే నవ్వి తాడు కింద పడేశాడు. చేతికర్రలతో ఎటు వంగితే ఎటు తిరుగుతుందో, ఆపాలంటే ఎలా పడాలో మరోసారి చూపించాడు. ఆపడానికి పడిపోవడమే మంచి పద్ధతన్నాడు. సునందకి అదీ నచ్చింది.

అంచు దగ్గరికి వచ్చేసరికి వీపు వెనక ఏదో తగిలింది. తిరిగి చూస్తే కామేశం. రెండు చేతులూ సీటు మీద ఉన్నాయి. అతనికే తెలీదు.

"ఏవండీ. చేతులు."

కామేశం ఉలిక్కిపడి చేతులు తీసి జేబుల్లో పెట్టుకున్నాడు. పెట్టుకుని గట్టిగా పిడికిళ్ళు బిగించాడు. "జాగ్రత్త" అనబోయి, అది మింగేసి, "వెళ్ళు" అన్నాడు.

సునంద ముందుకి వంగింది.

మొదట మెల్లగా కదిలింది, ఫర్వాలేదనుకుంది. రెండో క్షణానికి అనుకోవడానికి టైము లేదు. మంచు సర్రుమని కిందనుంచి పారిపోయింది. చెవుల్లో గాలి హోరెత్తింది. గుబగుబ కడుపులో మొదలై గొంతుదాకా వచ్చి అరుపై బయటపడింది, ఆ అరుపు తనదేనని ఆవిడకి కాసేపటిదాకా తెలీలేదు. ఎడమకి వంగితే ఎడమకి పోయింది. కుడికి వంగితే కుడికి పోయింది. ఎటు పోవాలో ఆవిడే చెప్పింది, అటే పోయింది. ఇన్నేళ్ళలో ఇంత సుఖం ఎరగదు. బయలు ఎదురొచ్చింది, ఆపాలని గుర్తొచ్చింది, పడాలని గుర్తొచ్చింది, పడింది. రెండు పల్టీలు కొట్టి, నోటినిండా మంచుతో, ఆకాశం చూస్తూ పడుకుని పగలబడి నవ్వింది.

ఆ అరుపు విందు గదిదాకా వినిపించింది. విరూపాక్షంగారు చేతిలో పూరీతో, గవర్రాజుగారు చేతిలో టేపుతో, వెనకాల స్ట్రెచరుతో నలుగురు సహాయకులూ పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనకే హోటల్లోని కేరమ్స్ వాళ్ళందరూ. గవర్రాజుగారు వాలు చూసి టేపు కింద పడేశారు. కుప్ప పైనుంచి సుభద్రమ్మ, "ఎవరూ ముట్టుకోవద్దు! మా కోడల్ని ముట్టుకోవద్దు!" అని కేకలేస్తోంది. అటు చూస్తే గుంటూరు పెళ్ళికొడుకు అప్పటికే స్కీలు భుజానేసుకుని కుప్ప ఎక్కేస్తున్నాడు.

విరూపాక్షంగారు సునంద పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డారు. మొహం పాలిపోయింది. "ఎంత ఘోరం జరిగింది! ఇది బాధ్యతారాహిత్యం! మేడమ్, పేరు చెప్పండి. తక్షణం చర్య తీసుకుంటాం. ఎవరు? మిమ్మల్ని ఎవరు తోశారు?"

సునంద నోట్లో మంచు ఉమ్మేసింది.

"ఎవరూ తోయలేదండీ" అంది. ఆ మాట తన చెవులకే ఎంత బాగుందంటే, లేచి కూర్చుని, అందరికీ వినపడేలా ఇంకోసారి అంది. "ఎవ్వరూ తోయలేదు!"